పసిఫిక్ ద్వీప సమాఖ్య: చరిత్ర ఎక్కడ మలుపు తిరిగి ఉంటే అది సాధ్యమయ్యేది?

మీ ప్రశ్న సారాంశం ఇది. 1887లో హవాయి రాజు కలాకౌవా తలపెట్టిన పాలినీషియా కూటమి విఫలం కాకుండా నిలబడింది. కాలక్రమంలో సమోవా, టోంగా, ఫిజీ, కిరిబాటి, సోలమన్ దీవులు, పపువా న్యూగినీ అందులో చేరాయి. నేడు అది ఫిజీలోని సువా రాజధానిగా, ఒకే కరెన్సీతో, ఒకే పార్లమెంటుతో యూరోపియన్ యూనియన్‌ను పోలిన సమాఖ్యగా ఉంది. ఇలాంటి ప్రత్యామ్నాయ చరిత్రను మీరు రాస్తున్నారు, అది నమ్మదగినదిగా ఉంటుందా, లేకపోతే ఏం మార్చాలి అని అడిగారు. పసిఫిక్ ప్రాంతీయ సంస్థల చరిత్రను చాలా కాలంగా అధ్యయనం చేస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. సమాఖ్య నమ్మదగినదే. దాని ఆరంభాన్ని మాత్రం 1887 నుంచి తీసి 1970ల చివరికి మార్చండి, రాజుల ఒప్పందాల దగ్గర కాకుండా ట్యూనా చేపల దగ్గర మొదలుపెట్టండి.

కలాకౌవా ప్రయత్నాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1881లో ప్రపంచయాత్రకు వెళ్లి జపాన్ చక్రవర్తి మెయిజీని కలిసినప్పుడే ఆయన ఆసియా రాజ్యాల కూటమి గురించి ప్రస్తావించాడు. 1886 చివరలో జాన్ బుష్‌ను దూతగా సమోవాకు పంపాడు. 1887 ఫిబ్రవరి 17న సమోవా రాజు మాలియెటోవా లౌపెపా హవాయితో సమాఖ్యకు అంగీకరిస్తూ సంతకం చేశాడు. ఆ ఒప్పందానికి బలం చేకూర్చడానికి హవాయి పంపిన కైమిలోవా నౌకను దగ్గరగా చూస్తే ఆ సమాఖ్య ఎంత బలహీనమైన పునాది మీద లేచిందో అర్థమవుతుంది. అది ఒక వర్తక నౌకను కొని, తుపాకులు బిగించి తయారుచేసిన యుద్ధనౌక. దాని కెప్టెన్ అంతకుముందు బాలనేరస్థుల సంస్కరణ పాఠశాలకు అధిపతి, నావికుల్లో పలువురు ఆ పాఠశాల కుర్రాళ్లే. సమోవా చేరేసరికి ఓడలో క్రమశిక్షణ పూర్తిగా కుప్పకూలింది. సమోవాలో తోటలూ వర్తకమూ ఉన్న జర్మనీ ఈ జోక్యాన్ని సహించేది లేదని తేల్చిచెప్పింది. అదే ఏడాది జూలైలో హొనొలులులో సాయుధులైన తోటల యజమానుల వర్గం రాజు చేత కొత్త రాజ్యాంగం మీద బలవంతంగా సంతకం పెట్టించింది. దూతను వెనక్కి పిలిపించారు, జర్మనీ మాలియెటోవాను దేశం నుంచి తరలించింది, 1899లో సమోవా జర్మనీకీ అమెరికాకూ రెండు ముక్కలుగా పంచబడింది.

మీ కథలో జర్మనీని ఏదో ఒక విధంగా అడ్డు తొలగించవచ్చు. కానీ దానివల్ల అసలు చిక్కు తీరదు. 1875 నాటి పరస్పర వాణిజ్య ఒప్పందం తరువాత హవాయి చక్కెర సుంకం లేకుండా అమెరికాకు పోతోంది, రాజ్యం ఆదాయమంతా ఆ చక్కెర మీదే ఆధారపడింది. సమోవా నుంచి హవాయికి గానీ, హవాయి నుంచి సమోవాకు గానీ అమ్ముకోవడానికి చెప్పుకోదగ్గ సరుకేదీ లేదు. రెండు రాజ్యాల మధ్య ఉన్నది భాషాబంధుత్వం, వంశాభిమానం, ఐరోపా శక్తుల పట్ల భయం. ఇవి నిజమైన భావాలే, కానీ ఒక ఉమ్మడి ఖజానాను ఏటా నింపే శక్తి వాటికి లేదు.

పసిఫిక్ సమాఖ్య గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ మొదట ఎదుర్కోవలసిన వాస్తవం ఇదే. వలసపాలన వేసిన ఓడదారులన్నీ ఒక్కో దీవినీ ఒక్కో దూరపు రేవుకు కలిపాయి తప్ప పక్క దీవికి కలపలేదు. ఫిజీ చక్కెరను నడిపించింది సిడ్నీలోని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. సమోవా, టోంగా అరటిపండ్లు న్యూజిలాండ్‌కు పోయేవి. నౌరూ, బనాబా దీవుల ఫాస్ఫేట్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు చేరేది. స్వాతంత్ర్యం తరువాత కూడా ఈ దిశ మారలేదు. కుక్ దీవులు, నియువే ప్రజలకు న్యూజిలాండ్ పౌరసత్వం ఉంది, మార్షల్ దీవులు, మైక్రోనీషియా, పలావు ప్రజలు అమెరికా వెళ్లి పనిచేసుకోగలరు. 2023లో టువాలు ఆస్ట్రేలియాతో ఫలెపిలి ఒప్పందం కుదుర్చుకొని ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడే హక్కు సంపాదించింది. టువాలు జనాభా పదకొండు వేలకు అటూఇటూ అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. కాబట్టి మీ సమాఖ్య ఒక్కో దీవికి దాని దూరపు రేవు ఇచ్చేదానికన్నా ఎక్కువైనా ఇవ్వాలి, ఆ రేవు ఎన్నటికీ ఇవ్వలేనిదైనా ఇవ్వాలి. మొదటిది దాదాపు అసాధ్యం కాబట్టి రెండోదాన్ని వెతకాలి.

బ్రిటన్ పైనుంచి సమాఖ్యను కట్టబెట్టినట్టు రాస్తే ఎలా ఉంటుందని కూడా మీరు అడిగారు. వెస్టర్న్ పసిఫిక్ హైకమిషన్ పేరుతో 1877 నుంచి చాలా దీవులు ఒకే అధికారి కిందే ఉన్నాయి, చాలా కాలం ఫిజీ గవర్నరే ఆ హైకమిషనర్ కూడా, కాబట్టి ఆ ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే బ్రిటన్ దీవులను విడిచిపెట్టే సమయానికి దాని సమాఖ్యల ప్రయోగాలు వరుసగా చెడిపోయాయి. వెస్టిండీస్ సమాఖ్య 1958 నుంచి 1962 వరకే బతికింది, మధ్య ఆఫ్రికా సమాఖ్య 1963లో, దక్షిణ అరేబియా సమాఖ్య 1967లో ముగిశాయి. 1970లలో లండన్ అధికారులకు మరో సమాఖ్యను మోసే ఓపికా నమ్మకమూ రెండూ లేవు. జమైకా వెళ్లిపోవడంతో వెస్టిండీస్ సమాఖ్య ఎలా కూలిందో ఒకసారి చదివి పెట్టుకోండి, పపువా న్యూగినీ విషయంలో అది మీకు అక్కరకు వస్తుంది.

పైనుంచి కట్టిన సమాఖ్య ఎలా విరుగుతుందో చూడటానికి పసిఫిక్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ప్రత్యామ్నాయ చరిత్రలు రాసేవారు దాన్ని ఎందుకు పట్టించుకోరో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1947లో ఐక్యరాజ్య సమితి అమెరికాకు అప్పగించిన పసిఫిక్ ట్రస్ట్ ప్రాంతంలో మరియానా, యాప్, పలావు, ట్రక్, పొనపే, మార్షల్ జిల్లాలుండేవి. వాటన్నిటికీ ఒకే పాలన, ఒకే డాలరు, ఒకే పాఠశాల పద్ధతి, 1965 నుంచి ఎన్నికైన ఒకే ఉమ్మడి కాంగ్రెస్ ఉన్నాయి. సమాఖ్యకు ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి పసిఫిక్‌లో మరెక్కడా లేదు. అయినా 1975లో ఉత్తర మరియానా ప్రజలు విడిగా అమెరికాతో కలిసిపోవడానికి ఓటు వేశారు. 1978 జూలై 12న ఉమ్మడి రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు పలావు, మార్షల్ దీవులు తిరస్కరించాయి. మిగిలిన యాప్, ట్రక్, పొనపే, కొస్రాయే కలిసి నేటి మైక్రోనీషియా సమాఖ్య రాష్ట్రాలుగా ఏర్పడ్డాయి. మార్షల్ దీవుల కారణం చాలా సులభంగా అర్థమయ్యేది. వారి క్వాజలీన్ పగడపు దీవిలో అమెరికా క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది, దాని అద్దెనూ పన్నులనూ ఇతర జిల్లాలతో పంచుకోవడానికి వారి నాయకులు సిద్ధపడలేదు. ఒక దీవి నేలకు అతుక్కుని ఉన్న ఆదాయాన్ని మరో దీవితో పంచుకోమంటే సమాఖ్య విరుగుతుందని ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

బ్రిటన్ కింద ఒకే పాలనలో ఉన్న గిల్బర్ట్ (నేటి కిరిబాటి), ఎల్లిస్ (నేటి టువాలు) దీవులది మరో రకం విడిపోవడం. మైక్రోనీషియా జాతికి చెందిన గిల్బర్ట్ ప్రజల సంఖ్య ఎక్కువ, పాలినీషియా జాతికి చెందిన ఎల్లిస్ ప్రజల సంఖ్య చాలా తక్కువ. కలిసి స్వతంత్రమైతే ఉద్యోగాలూ పదవులూ చేజారిపోతాయని ఎల్లిస్ ప్రజలు భయపడ్డారు. విడిపోతే ఫాస్ఫేట్ ఆదాయంలో వాటా ఉండదని, ఉమ్మడి ఆస్తుల్లో ఒక్క ఓడ మాత్రమే దక్కుతుందని బ్రిటన్ ముందే చెప్పింది. అది తెలిసి కూడా 1974లో 90 శాతానికి పైగా విడిపోవడానికే ఓటు వేశారు. 26 చదరపు కిలోమీటర్ల నేల, ఒక ఓడ, ఇంతటితో టువాలు దేశమైంది. డబ్బు ఆశ చూపి చిన్న జాతులను సమాఖ్యలో ఉంచగలమని మీ కథలో ఎవరైనా పాత్ర వాదిస్తే, అతనికి ఎదురు చెప్పే పాత్రకు ఈ ఓటును ఇవ్వండి.

ఇక దీవుల మధ్య నిజంగా ఉమ్మడిగా ఉన్నదేమిటి అన్న ప్రశ్నకు వద్దాం. కిరిబాటి నేల 811 చదరపు కిలోమీటర్లు, దాని సముద్ర ఆర్థిక మండలం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. 1970లలో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద తీరదేశానికే హక్కు అన్న సూత్రం అంతర్జాతీయంగా స్థిరపడి, 1982 సముద్ర చట్టాల ఒప్పందంలో చేరింది. చిన్న దీవులు ఒక్కసారిగా పెద్ద సముద్రాలకు యజమానులయ్యాయి. ఆ నీళ్లలో దొరికే ముఖ్యమైన సంపద స్కిప్‌జాక్ ట్యూనా. ఈ చేప వెచ్చని నీటిని వెంబడిస్తూ తిరుగుతుంది. ఎల్‌నీన్యో వచ్చినప్పుడు పశ్చిమ పసిఫిక్‌లోని వెచ్చని నీరు తూర్పుకు జరుగుతుంది, దానితోపాటు చేపా కిరిబాటి వైపు పోతుంది. లానీన్యాలో అది పపువా న్యూగినీ వైపు తిరిగివస్తుంది. అంటే ఏ దేశమూ ఏ ఏడాది తనకెంత వస్తుందో చెప్పలేదు, కానీ అందరి నీళ్లనూ కలిపి చూస్తే మొత్తం ఆదాయం చాలా స్థిరంగా ఉంటుంది. క్వాజలీన్ అద్దెలా ఇది ఒక నేలకు అతుక్కున్న సంపద కాదు. దీన్ని పంచుకోవడం ఎవరికీ త్యాగం కాదు, అందరికీ బీమా. సిడ్నీ గానీ, ఆక్లాండ్ గానీ, హొనొలులు గానీ ఏ దీవికీ ఇవ్వలేనిది ఇదొక్కటే.

నిజ చరిత్రలో ఇది జరిగింది కూడా, అయితే చాలా ఆలస్యంగా. 1979లో సోలమన్ దీవుల రాజధాని హొనియారా కేంద్రంగా, చేపల విషయంలో ద్వీపదేశాలకు తోడ్పడే ఫోరమ్ ఫిషరీస్ ఏజెన్సీ ఏర్పడింది. 1982లో ట్యూనా ఎక్కువగా ఉన్న దేశాలు నౌరూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నేడు ఆ బృందంలో పపువా న్యూగినీ, సోలమన్ దీవులు, కిరిబాటి, టువాలు, నౌరూ, మార్షల్ దీవులు, మైక్రోనీషియా, పలావు ఉన్నాయి. కానీ వలలతో వేటాడే పెద్ద ఓడలకు రోజుల లెక్కన హక్కులు అమ్మే పథకం 2007లో గానీ మొదలు కాలేదు. ఆ పథకం పనిచేసే తీరు మీ కథకు గుండెకాయ వంటిది కాబట్టి కాస్త వివరిస్తాను. ఏడాదికి మొత్తం ఎన్ని వేట దినాలు అనుమతించాలో సభ్యదేశాలు కలిసి నిర్ణయిస్తాయి, వాటిని తమలో పంచుకుంటాయి, ఒక్కో దినానికి కనీస ధర కూడా కలిసే నిర్ణయిస్తాయి. చేప తన నీళ్లలో లేని ఏడాది ఒక దేశం తన దినాలను చేప ఉన్న దేశానికి అమ్ముకోవచ్చు. ఓడ ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది, ఓడమీద ద్వీపదేశాల పరిశీలకుడు కూర్చుని పట్టిన చేపను నమోదు చేస్తాడు. కనీస ధర 2015 నుంచి రోజుకు 8,000 అమెరికన్ డాలర్లు. పథకం గట్టిపడిన తరువాత ఈ దేశాల మొత్తం ఆదాయం 2010లో సుమారు 6 కోట్ల డాలర్ల నుంచి కొద్ది ఏళ్లలోనే 40 కోట్లు దాటింది. విడివిడిగా బేరమాడిన రోజుల్లో పెద్ద ఓడల కంపెనీలు ఒక దేశాన్ని చూపి మరో దేశాన్ని తక్కువకు ఒప్పించేవి, ఆ ఆట కట్టింది.

నా సలహా ఏమిటంటే, 1982కూ 2007కూ మధ్య గడిచిన ఆ పాతికేళ్లను మీ కథలో తుడిచేయండి. మలుపు అక్కడే ఉంది. అందుకు కావలసిన మనుషులూ పరిస్థితులూ నిజ చరిత్రలోనే సిద్ధంగా ఉన్నాయి. 1965లో లాయే సమావేశంలో ఫిజీకి చెందిన రాటు మారా నాయకత్వంలో ద్వీప ప్రతినిధులు, వలసపాలక దేశాలు నడుపుతూ తమ గొంతు వినకుండా నిర్ణయాలు చేసే దక్షిణ పసిఫిక్ కమిషన్ మీద తిరుగుబాటు చేశారు. అదే సమయంలో ఫిజీ, టోంగా, పశ్చిమ సమోవా కలిసి న్యూజిలాండ్‌కు అమ్మే అరటి ధర కోసం ఉమ్మడిగా బేరమాడటానికి పసిఫిక్ దీవుల ఉత్పత్తిదారుల సంఘాన్ని పెట్టుకున్నాయి. చిన్నదే అయినా అది దీవులు తమంతట తాము కట్టుకున్న మొదటి ఆర్థిక కూటమి. ఫ్రాన్స్ మోరురోవాలో అణుపరీక్షలు చేస్తుంటే దాని గురించి మాట్లాడటానికి కూడా కమిషన్ ఒప్పుకోకపోవడంతో 1971 ఆగస్టులో వెల్లింగ్టన్‌లో ఈ ప్రాంత దేశాల కూటమి అయిన సౌత్ పసిఫిక్ ఫోరమ్ పుట్టింది. అరటి బేరాన్ని ట్యూనా బేరంగా మార్చడం ఆ తరం నాయకులకు అందనంత పెద్ద ఊహ కాదు.

వారికి తగిన సంక్షోభం కూడా మీకు సిద్ధంగా దొరుకుతుంది. ట్యూనా దేశం దాటి తిరిగే చేప కాబట్టి దాని మీద తీరదేశాలకు హక్కు లేదని అమెరికా 1990 దాకా వాదించింది. 1984లో సోలమన్ దీవులు తమ నీళ్లలో వేటాడుతున్న జీనెట్ డయానా అనే అమెరికన్ ఓడను పట్టుకున్నాయి. అమెరికా బదులుగా ఆ దేశపు చేపల దిగుమతిని నిలిపివేసింది. 1985లో కిరిబాటి సోవియట్ యూనియన్‌కు వేట లైసెన్సులు అమ్మింది. అంతవరకు దీవుల మాట వినని వాషింగ్టన్ ఒక్కసారిగా కదిలి 1987లో దీవులన్నిటితో కలిపి ఒకే ట్యూనా ఒప్పందం మీద సంతకం చేసింది. నిజంగా జరిగిన ఈ మూడేళ్ల నాటకంలో దీవులు కలిసి నిలబడితే అగ్రరాజ్యం కూడా దిగివస్తుందని మొదటిసారి రుజువైంది. మీ కథలో ఈ ఒప్పందపు సొమ్ము ఒక్కో దేశానికి చీలిపోకుండా ఉమ్మడి ఖజానాలోకి వెళితే చాలు, సమాఖ్యకు సొంత ఆదాయం పుట్టినట్టే. కిరిబాటి 1956లోనే ఫాస్ఫేట్ రాబడితో ఒక శాశ్వత నిధిని పెట్టుకుంది, టువాలు 1987లో అలాంటిదే స్థాపించింది, కాబట్టి అలాంటి ఖజానాను నడిపే పద్ధతి కూడా కొత్తగా కల్పించనక్కరలేదు. 1977లో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టగలిగిన నౌరూ తన ఫాస్ఫేట్ సంపదలో కొంత ఈ నిధికి మూలధనంగా ఇచ్చినట్టు రాస్తే, నిజ చరిత్రలో ఆ సంపద కరిగిపోయిన విషాదాన్ని కూడా మీరు తప్పించవచ్చు.

ఇప్పుడు మీ నమూనాలోని పెద్ద లోపం, పపువా న్యూగినీ బరువు. ద్వీపదేశాల మొత్తం జనాభాలో నాలుగింట మూడు వంతులు, నేలలో 85 శాతానికి పైగా ఆ ఒక్క దేశానిదే. జనాభా లెక్కన ఓట్లు ఇస్తే మిగిలినవారు చేరరు, దేశానికి ఒక ఓటు అంటే పపువా న్యూగినీ ఎక్కువ కాలం ఉండదు. జర్మనీకీ మాల్టాకూ మధ్య కుదిరిన సర్దుబాటు ఇక్కడ కుదరదు, ఎందుకంటే జర్మనీ ఎంత పెద్దదైనా యూరోపియన్ యూనియన్ జనాభాలో ఐదో వంతుకు మించదు. అందుకే ఉమ్మడి పార్లమెంటును వదిలేసి, ఉమ్మడి సముద్రానికి మాత్రమే సంబంధించిన ఒక మండలిని పెట్టి, అందులో ఓట్లను వేట దినాల వాటాతో ముడిపెట్టమంటాను. అప్పుడు కిరిబాటి వంటి చిన్న దేశం కూడా పపువా న్యూగినీ పక్కన తలెత్తుకుని కూర్చోగలదు.

ఈ ఏర్పాటు పపువా న్యూగినీలోని బూగన్‌విల్ దీవి సమస్యకు కూడా ఒక దారి చూపుతుంది. పపువా న్యూగినీ స్వతంత్రం కావడానికి రెండు వారాల ముందు, 1975 సెప్టెంబర్ 1న, బూగన్‌విల్ ప్రజలు తమను ఉత్తర సోలమన్ గణతంత్రంగా ప్రకటించుకున్నారు. భౌగోళికంగా, సాంస్కృతికంగా వారికి సోలమన్ దీవులు దగ్గర, కానీ వలసశక్తులు గీసిన గీత వారిని పపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోరెస్బీకి అప్పగించింది. బూగన్‌విల్‌లోని పాంగునా రాగి గని మూతపడేదాకా దేశ ఎగుమతుల్లో 40 శాతానికి పైగా ఇచ్చింది కాబట్టి పోర్ట్ మోరెస్బీ వారిని వదల్లేదు. 1988లో మొదలైన యుద్ధం పదేళ్లు సాగి వేలమందిని బలితీసుకుంది. 2019లో 98 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటు వేశారు. పపువా న్యూగినీని వదలకుండానే సముద్ర మండలిలో సొంత స్థానం దొరికి ఉంటే బూగన్‌విల్ 1976లోనే దానితో సరిపెట్టుకుని ఉండేదా అన్నది మీ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న అవుతుంది. గని ఆదాయం నేలకు అతుక్కున్నదే కాబట్టి పోరు పూర్తిగా తప్పేదని నేను అనుకోను. అయితే ఇరుపక్షాలకూ నమ్మకమైన మధ్యవర్తి పక్కనే ఉండేది. 1980లో వనువాటులో శాంటో తిరుగుబాటును అణచడానికి పపువా న్యూగినీ సైనికులే వెళ్లారన్న వాస్తవం చూస్తే, ద్వీపదేశాలు ఒకదానికొకటి భద్రత కల్పించుకోవడం ఊహకు అందనిదేమీ కాదని తెలుస్తుంది.

ఫిజీ గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు, అది చాలదు. 1966 జనాభా లెక్కల ప్రకారం ఫిజీలో సగానికి కాస్త ఎక్కువమంది భారత సంతతివారు. 1879 నుంచి 1916 వరకు గిర్మిట్ అనే కూలి ఒప్పందాల మీద చెరకు తోటలకు సుమారు 60,000 మందిని తీసుకువెళ్లారు. 1903 తరువాత మద్రాసు రేవు నుంచి ఎక్కినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు, వారి సంతతి 1941లో తమకంటూ ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకుంది. స్వదేశీ ఫిజియన్లలో తాము మైనారిటీ అవుతామన్న భయం 1987 మే, సెప్టెంబర్ నెలల్లో జరిగిన రెండు సైనిక కుట్రలకు ఊపిరి పోసింది. సమాఖ్యలో ఈ లెక్క మారుతుంది. ప్రాంతం మొత్తం మీద భారత సంతతివారు చిన్న మైనారిటీ అవుతారు, స్వదేశీ ఫిజియన్లు పెద్ద మెలనీషియా, పాలినీషియా ప్రపంచంలో భాగమవుతారు. భయం తగ్గి ఉండవచ్చు. మరోవైపు, స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇస్తే ఫిజీ భారతీయ వర్తకులు తమ దీవులకు వస్తారని టోంగా, సమోవా, సోలమన్ దీవులు అభ్యంతరం చెప్పడం ఖాయం. దీనికి పరిష్కారం భూమి దగ్గర ఉంది. పసిఫిక్ అంతటా నేలలో అత్యధిక భాగం వంశాలదీ తెగలదీ, ఫిజీలో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా అలాంటిదే. పని చేసుకునే హక్కు అందరికీ, నేల మీద హక్కు స్థానికులకే అన్న నియమం లేకుండా ఏ ద్వీప శాసనసభా మీ సమాఖ్య ఒప్పందాన్ని ఆమోదించదు. చెరకు రైతుల కౌలు సమస్యను మీ కథ తప్పకుండా తాకాలని నా కోరిక. తరతరాలుగా దున్నిన నేల కౌలు గడువు ముగిసి విడిచిపెట్టవలసి వచ్చిన కుటుంబాల బాధ ఏ రాజ్యాంగంతోనూ మాయమయ్యేది కాదు.

కరెన్సీ విషయంలో మీకు తేలికైన మార్గం ఉంది. కొత్త ద్వీప కరెన్సీని సృష్టించనక్కరలేదు. 1970ల ఆరంభంలో పపువా న్యూగినీ, సోలమన్ దీవులు, గిల్బర్ట్, ఎల్లిస్, నౌరూ అన్నిటిలోనూ ఆస్ట్రేలియన్ డాలరే చెలామణిలో ఉంది. పపువా న్యూగినీ 1975లో కీనాను, సోలమన్ 1977లో తన డాలరును విడుదల చేశాయి. ఆ రెండు నిర్ణయాలు జరగలేదని రాస్తే చాలు, ఉమ్మడి కరెన్సీ ప్రాంతం దానంతట అదే మిగులుతుంది. 2003లో ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ ఒకటి ఇలాంటి ఒకే కరెన్సీ ఆలోచననే ముందుకు తెచ్చింది, అప్పటికే ఆలస్యమైంది. అయితే రాగి ధర పడిపోయినప్పుడు పపువా న్యూగినీ, చక్కెర ధర పడిపోయినప్పుడు ఫిజీ విలవిలలాడతాయి, వేరే దేశపు డాలరుతో వాటికి సర్దుకునే వెసులుబాటు ఉండదు. ఫిజీని ఈ కరెన్సీ బయటే ఉంచడం మంచిది.

రాజధానిగా సువా వద్దు. సువా మీద మిగిలిన దీవులకు ఉన్న అసంతృప్తి చాలా పాతది. అనేక ద్వీప ప్రభుత్వాలు వాటాదారులుగా ఉన్న ఎయిర్ పసిఫిక్ 1970లలో ప్రాంతీయ విమానసంస్థ కావలసింది. దాని మార్గాలు ఫిజీకే మేలు చేస్తున్నాయన్న భావన బలపడింది, నౌరూ, సమోవా, టోంగా తమ తమ సంస్థల వైపు మొగ్గాయి, చివరికి ఎయిర్ పసిఫిక్ ఫిజీదిగానే మిగిలింది. ఇందుకు భిన్నంగా 1968లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ నేటికీ 12 దేశాల ఉమ్మడి సంస్థగా నిలిచింది. ప్రధాన ప్రాంగణం సువాలోనే ఉన్నా న్యాయవిద్యను వనువాటులోని పోర్ట్ విలాలో, వ్యవసాయ విద్యను సమోవాలో పెట్టడం అందుకు తోడ్పడింది. మీ సమాఖ్య సంస్థలను ఇలాగే చెదరగొట్టి, చేపల మండలిని హొనియారాలో, నిధిని నౌరూలో లేదా కిరిబాటిలోని తరావాలో, న్యాయస్థానాన్ని సమోవాలోని అపియాలో ఉంచండి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లను లోపల ఉంచాలా అన్నది మీరు అడగలేదు, కానీ అది తేల్చకుండా ముందుకు పోలేరు. నిజ చరిత్రలో అవి ఫోరమ్‌లో మొదటి రోజు నుంచే సభ్యులు, ఖర్చులో పెద్ద వాటా వాటిదే, అజెండాలో కూడా ఆ మేరకు వాటి మాట చెల్లింది. ట్యూనా నిధి ఉంటే వాటిని భాగస్వాములుగా బయట ఉంచవచ్చు. ఫ్రెంచ్ పాలినీషియా, న్యూకలెడోనియా మీ కాలక్రమంలో చేరవు, వాటిని వదిలేయండి. మార్షల్, మైక్రోనీషియా, పలావు మాత్రం చేపల మండలిలో మొదటి నుంచీ ఉండాలి, అమెరికాతో వాటి రక్షణ ఒప్పందాలు అందుకు అడ్డు రావు.

చివరగా, మీ సమాఖ్యకు ఒక పెద్ద కుదుపు కావాలంటే దాన్ని నాయకత్వ పదవి చుట్టూ అల్లండి. 2021 ఫిబ్రవరిలో ఫోరమ్ ప్రధాన కార్యదర్శి పదవి ఈసారి మైక్రోనీషియా ప్రాంతపు దేశాల వంతు అన్న పెద్దమనుషుల ఒప్పందాన్ని పక్కన పెట్టి, 9-8 ఓట్ల తేడాతో కుక్ దీవుల మాజీ ప్రధాని హెన్రీ పునాను ఎన్నుకున్నప్పుడు ఆ ప్రాంతపు ఐదు దేశాలు ఫోరమ్‌ను వీడిపోతామని ప్రకటించాయి. 2022 జూన్‌లో సువాలో రాజీ కుదిరినా కిరిబాటి బయటకు వెళ్లి, మళ్లీ 2023లో తిరిగి వచ్చింది. గమనించవలసినది ఏమిటంటే, ఆ గొడవ జరుగుతున్నంత కాలమూ అవే దేశాలు నౌరూ ఒప్పందంలో కొనసాగాయి, వేట దినాలు ఎప్పటిలాగే అమ్ముడుపోయాయి. మీ కథలో ఇదే కుదుపును 1997-98 నాటి తీవ్రమైన ఎల్‌నీన్యో ఏడాదిలో పెట్టండి. ఆ ఏడాది పపువా న్యూగినీ ఎత్తైన ప్రాంతాలు కరువుతో, మంచుతో అల్లాడాయి, చేప తూర్పుకు పోయింది. పదవి కోసం అలిగిన కిరిబాటి చేతిలో ఆ ఏడాది ఆదాయమంతా ఉన్నప్పుడు, ఆకలితో ఉన్న పపువా న్యూగినీకి దాని వాటా పంపుతుందా లేదా అన్న దృశ్యంలో మీ సమాఖ్య ఎంతవరకు నిలబడుతుందో తేలిపోతుంది.